తిరుపతి జూలో ఆ జంతువు ఏమైంది? ఆ ఎన్‌క్లోజర్ ఎందుకు ఖాళీగా ఉంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతి. కొండ మీద దర్శనం అయిపోయి, రైలుకు ఇంకా నాలుగైదు గంటలు ఉందంటే చాలు, మా ఇంటికొచ్చిన చుట్టాలు అడిగేది ఒకటే. "పిల్లల్ని జూకి తీసుకెళ్దామా?" అలా ఏడాదికి ఏడెనిమిది సార్లయినా శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల గేటు దాటుతుంటాను. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి మారి ఉంటుంది. ఊళ్లకు తిరిగి వెళ్లాక ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పోయినేడు చూసిన పులి లేదే?" "మామా, ఆ మూలనున్న బోను ఎందుకు మూసేశారు?" అని. నేను జూ ఉద్యోగిని కాను. కీపర్లతో మాట కలిపి, చట్టాలు తిరగేసి, పేపర్లు చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. ఇకమీదట ఫోన్ చేసినవాళ్లకు ఈ లింకు పంపేస్తాను.

పోయినసారి చూసిన పులి ఈసారి లేదు. చచ్చిపోయిందా?

అందరి మనసూ ముందు అక్కడికే పోతుంది. చాలాసార్లు అది వెనక గదిలో హాయిగా పడుకుని ఉంటుంది. పులి, సింహం, చిరుత ఎన్‌క్లోజర్‌కు రెండు భాగాలుంటాయి. చెట్లు, గడ్డి, నీళ్ల తొట్టితో మనకు కనిపించేది ఒకటి. దాని వెనక ఇనుప తలుపులతో వరసగా ఉండే గదులు రెండోది. వాటిని నైట్ హౌస్ అంటారు. తిండి అక్కడే, రాత్రి నిద్ర అక్కడే, మందు వేయాలన్నా అక్కడే.

పులి ఒంటరి జంతువు. ఒకే ఆవరణకు రెండు మూడు పులులుంటే, వాటికి ఒకదానికొకటి పడకపోతే, వంతులు వేసి వదులుతారు. ఇవాళ ఒకటి బయట, రేపు ఇంకొకటి. మనం మాత్రం ఎప్పుడు వెళ్లినా అదే పులి అనుకుంటాం. తేడా పట్టుకోవాలంటే చారలు చూడండి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. పోయినసారి తీసిన ఫోటో ఫోన్లో ఉంటే, కంటి పైన ఉన్న గీతల్ని పెద్దది చేసి పోల్చండి. మా చిన్నోడు ఒకసారి అలాగే పోల్చి, "నాన్నా, నువ్వు చెప్పేది తప్పు, ఇది ఆ పులి కాదు" అని అందరి ముందూ నా పరువు తీశాడు.

ఇక మిగతా కారణాలు: ఒంట్లో బాగోలేక చికిత్సలో ఉండొచ్చు, కడుపుతో ఉండొచ్చు, జత కలపడానికి వేరే చోట ఉంచి ఉండొచ్చు, ఇంకో జూకు పంపి ఉండొచ్చు. ముసలిదై పోయి ఉండనూవచ్చు. అడవిలో పులి పది పన్నెండేళ్లు బతకడమే గొప్ప. జూలో పద్దెనిమిదేళ్ల దాకా నెట్టుకొచ్చినవి ఉన్నాయి. కాబట్టి మీరు పెళ్లికి ముందు చూసిన పులిని పిల్లలకు చూపించాలనుకుంటే అది జరగడం కష్టమే.

ఎన్‌క్లోజర్ పూర్తిగా ఖాళీగా ఉంది. జంతువు లేనప్పుడు బోర్డు ఎందుకు పెట్టారు?

ఖాళీగా ఉందంటే అక్కడ పని జరగడం లేదనుకోకండి. ఒక ఆవరణలో ఉన్న జంతువు వెళ్లిపోయాక, లేదా జబ్బు చేశాక, వెంటనే ఇంకోదాన్ని తెచ్చి వదలరు. గదులు కడగాలి, నేల ఎండాలి, సున్నం వేయాలి. ఇనుప తలుపులు అతుకులు విడి ఉంటే వెల్డింగ్ పెట్టాలి. కందకంలో పూడిక తీయాలి. జింకల ఆవరణైతే మరీను. వాటి గిట్టల కింద గడ్డి మొత్తం పోయి నేల సిమెంటులా గట్టిపడుతుంది. కొన్నాళ్లు ఖాళీగా వదిలి నీళ్లు పెడితే తప్ప మళ్లీ పచ్చబడదు. మన పొలాన్ని బీడు పెట్టినట్టే.

ఒక ఉదయం ఒక ఖాళీ బోను ముందు ఆగాను. లోపల ఇద్దరు మనుషులు గొట్టం పట్టుకుని గోడలు కడుగుతున్నారు. బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కుకి ఘాటుగా తగిలింది. ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని గోడకీ నేలకీ మధ్య ఉన్న పగులులో ఇనుప చీపురుతో గీకుతున్నాడు. "అక్కడేముందన్నా?" అని అడిగాను. "మాంసం పీచు ఇరుక్కుంటుంది సార్, చీమలొస్తాయి, పురుగులొస్తాయి" అన్నాడు తల ఎత్తకుండానే. నా పక్కనున్న కుటుంబం మాత్రం "ఇందులో ఏమీ లేదు, పదండి పదండి" అనుకుంటూ వెళ్లిపోయింది.

బోర్డు సంగతి ఒప్పుకోవాల్సిందే. జంతువు మారినా బోర్డు మార్చకపోతే చూసేవాళ్లు తికమక పడతారు. ఎక్కడో ఒక ఊళ్లో నక్క బోర్డు వెనక కుందేళ్లను చూసి మా పిల్లలు వారం రోజులు నవ్వారు.

ఐదువేల ఎకరాలంటారు. మరి జంతువులు అంత తక్కువ కనిపిస్తాయేం?

జూ విస్తీర్ణం 5,532 ఎకరాలు. ఆసియాలోని పెద్ద జూలలో ఇదొకటి. 1987 సెప్టెంబర్ 29న ప్రారంభమైంది. ఆ ఎకరాలన్నిటా బోనులే ఉంటాయనుకుంటే పొరపాటు. అందులో ఎక్కువ భాగం శేషాచలం కొండల కింది అడవే. మనం నడిచేది, బ్యాటరీ బండిలో తిరిగేది కొంచెం మేరే. దారి పక్కన నెమలి ఎగిరి వెళ్తే అది జూ నెమలా, అడవి నెమలా అని తేల్చడం కష్టం.

ఇంకొకటి చెప్పాలి. మన కొండల అసలు సొత్తు జూకి వచ్చేవాళ్ల కంట పడనే పడదు. తిరుమల రాళ్ల సందుల్లో ఉండే బంగారు బల్లి, చెట్ల మీద రాత్రిపూట మెల్లగా పాకే దేవాంగపిల్లి, పొదల్లో నక్కే కొండగొర్రె, ఇవన్నీ పక్కనున్న అడవిలోనే ఉన్నాయి. ఆ అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా ప్రకటించారు. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. మనవాళ్లు వీటిని దాటుకుని వచ్చి, పార్కింగ్‌లో కారు ఆపి, "సింహం ఎక్కడ?" అంటారు. నేనూ అదే బాపతు, కాదనను.

కొత్త జంతువుల్ని ఎక్కడి నుంచి తెస్తారు? డబ్బిచ్చి కొంటారా?

కొనరు. ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గర కొనడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఒక జూ తన దగ్గరున్న జంతువును గుర్తింపు పొందిన ఇంకో జూకే ఇవ్వాలి, అలాంటి జూ నుంచే తీసుకోవాలి. రక్షిత జాబితాల్లోని జంతువుకైతే ముందుగా కేంద్ర జూ అథారిటీ అనుమతి ఉండాలి. అందరూ సీజెడ్‌ఏ అంటారు. 1992లో ఏర్పడిన సంస్థ ఇది, ఢిల్లీలో ఉంటుంది.

అందుకే జూల మధ్య జరిగేది మార్పిడి. మన దగ్గర ఒక జాతి ఎక్కువైంది, వాళ్ల దగ్గర ఇంకోటి ఎక్కువైంది, ఇచ్చిపుచ్చుకుంటారు. మన ఊళ్లలో కోడిపెట్టల్ని, దూడల్ని మార్చుకున్నట్టే అనిపిస్తుంది గానీ దీని వెనక కాగితాల పని బారెడు ఉంటుంది. అసలు కారణం నెత్తురు మారాలి. ఒకే జూలో పుట్టిన అన్నాచెల్లెళ్లను జత కలుపుతూ పోతే పిల్లలు బలహీనంగా పుడతాయి. మేనరికాలు తరతరాలుగా చేసుకుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకని కొన్ని జాతులకు దేశమంతటికీ కలిపి వంశావళి పుస్తకాలు రాస్తారు. దేనికి తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఎక్కడ పుట్టింది అన్నీ అందులో ఉంటాయి. ఆసియా సింహాలకు ఈ విషయంలో గుజరాత్‌లోని జునాగఢ్ సక్కర్‌బాగ్ జూ పెద్దన్న. అడవిలో ఆ సింహాలు ఒక్క గిర్ చుట్టుపక్కలే మిగిలాయి మరి. 2020లో 674 ఉన్నాయన్నారు, 2025 లెక్కలో 891కి చేరాయి.

లెక్కలంటే గుర్తొచ్చింది. ప్రతి జూ ఏటా మార్చి 31 నాటికి తన దగ్గరున్న జంతువుల పట్టిక తయారు చేయాలి. మొదట్లో ఎన్ని, పుట్టినవి ఎన్ని, వచ్చినవి, చనిపోయినవి, పంపినవి, చివరికి మిగిలినవి. కిరాణా కొట్టు స్టాకు పుస్తకంలాగే ఉంటుంది. "ఆ జంతువు ఏమైంది" అనే ప్రశ్నకు నమ్మకమైన జవాబు ఆ పట్టికే. వాట్సాప్‌లో వచ్చేది కాదు.

వచ్చిందని పేపర్లో చదివి పరుగున వెళ్లాం. చూపించలేదేం?

క్వారంటైన్. కొత్తగా వచ్చిన జంతువును కనీసం నెల రోజులు మిగతావాటికి దూరంగా ఉంచుతారు. రక్తం, పేడ పరీక్షలు చేస్తారు, నులిపురుగుల మందు వేస్తారు. కొవిడ్ తర్వాత ఈ మాటను మనకు వివరించాల్సిన పని లేదు. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఎనిమిది సింహాలకు కొవిడ్ వచ్చిందని తేలినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది.

క్వారంటైన్ అయ్యాక కూడా ఒక్కసారిగా బయటికి వదలరు. ముందు గదిలో, తర్వాత పొద్దున కాసేపు ఆవరణలో. కొత్త చోటు వాసన పట్టాలి. కందకం ఎక్కడుందో, కంచె ఎక్కడుందో తెలియకపోతే బెదిరి దెబ్బలు తగిలించుకుంటుంది.

అంత పెద్ద జంతువును ఎలా తీసుకొస్తారు?

మత్తు ఇచ్చి లారీలో పడుకోబెట్టి తెస్తారని చాలామంది అనుకుంటారు. దారి పొడవునా మత్తులో ఉంచడం ప్రమాదం. పద్ధతి వేరు. ప్రయాణానికి కొన్నాళ్ల ముందే రవాణా పెట్టెను దాని గది తలుపుకి ఆనించి పెడతారు. రోజూ తిండి అందులోనే. మొదటి రోజు అనుమానంగా చూస్తుంది, మూడో రోజు తల పెడుతుంది, వారానికి లోపలికెళ్లి తిని కాళ్లు చాపుతుంది. ఒక రోజు అది తింటుండగా తలుపు దించేస్తారు. వెంట డాక్టర్, కీపర్ ఉంటారు. ఎండలు మండే మన దిక్కున రాత్రి ప్రయాణాలే మేలు.

అలిపిరి మెట్ల దారిలో పట్టుకున్న చిరుతలు జూలోనే ఉన్నాయా? మాకెందుకు చూపించరు?

నాకొచ్చే ఫోన్లలో సగం దీని గురించే. 2023 జూన్‌లో నడక దారిలో ఒక చిన్న పిల్లాడిని చిరుత ఎత్తుకెళ్లి వదిలేసింది, బతికాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ రోజుల్లో తిరుపతిలో ఇంకో మాట లేదు. భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పంపారు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం దాకానే అనుమతి అన్నారు. అటవీశాఖ బోన్లు పెట్టింది. సెప్టెంబర్ వరకు ఆరు చిరుతలు చిక్కాయి. మొదట చిక్కినదాన్ని దూరంగా అడవిలో వదిలారు. తర్వాతివాటిని జూకు తెచ్చారు.

ఇలా తెచ్చినవి చూపించడానికి తెచ్చినవి కావు. మనిషి మీద పడింది ఇదా, ఇంకోటా అన్నది తేల్చాలి. పేడలో, వెంట్రుకల్లో పరీక్షలుంటాయి. అడవిలో దారి పక్కన అమర్చే ఆటోమేటిక్ కెమెరాలో (కెమెరా ట్రాప్) పడిన మచ్చలతో పోల్చి చూస్తారు. కోరలు విరిగాయా, కాలికి పాత గాయం ఉందా అని డాక్టర్లు చూస్తారు. వేటాడలేని స్థితిలో ఉన్నదీ, మనిషి మీద దాడి చేసిందని తేలినదీ తిరిగి అడవికి పోవడం కష్టం. మిగతావాటిని వదిలేయొచ్చు.

"పట్టుకున్నారు కదా, దూరంగా తీసుకెళ్లి వదిలేస్తే పోలా?" అని మా పాకాల బావ వాదన. అంత సులువు కాదు. చిరుతకు సొంత ఇలాకా ఉంటుంది. దూరంగా వదిలినా వెనక్కి నడుచుకుంటూ రావడానికి చూస్తుంది, దారిలో ఊళ్లు తగులుతాయి. ఇక్కడ ఖాళీ అయిన ఇలాకాలోకి ఇంకో చిరుత దిగుతుంది. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, పట్టి వేరే చోట వదలడాన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఉంది. పట్టుబడ్డ అడవి చిరుత మనుషుల్ని చూస్తే ఇనుప కడ్డీలకు తల బాదుకుంటుంది, పళ్లు విరగ్గొట్టుకుంటుంది. అందుకే సందర్శకుల వైపు తీసుకురారు. అది చూడదగ్గ దృశ్యం కాదు కూడా.

చిత్తూరు ఏనుగుల్ని జూకి తెచ్చేస్తే రైతుల బాధ తీరదా?

పలమనేరు దగ్గర మా అత్తగారి ఊరు. రాత్రి డప్పుల చప్పుడు వినిపిస్తే అక్కడ పిల్లలు కూడా "ఏనుగులొచ్చినట్టున్నాయి" అని పక్కకు తిరిగి పడుకుంటారు. అరటి తోట ఒక్క రాత్రిలో నేలమట్టమైతే ఆ రైతుకు ఏం చెప్పగలం? కాబట్టి ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు.

దాదాపు రెండు శతాబ్దాలు మన వైపు అడవి ఏనుగుల్లేవు. 1980ల మొదట్లో తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి అడవుల వైపు నుంచి వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కుప్పం, పలమనేరు మీదుగా పొడవుగా సాగిన అడవి అది. ఇరుకైన చోట్ల ఇటు నుంచి అటు దాటితే పొలమే.

జూ దీనికి పరిష్కారం కాదు. ఒక ఏనుగు రోజుకు 150 కిలోల మేత పైగా తింటుంది. తిండి ఒక్కటే కాదు, గుంపుతో మైళ్ల కొద్దీ నడవాల్సిన జంతువు. 2009లోనే సీజెడ్‌ఏ జూలలోని ఏనుగుల్ని అటవీశాఖ ఏనుగుల క్యాంపులకు తరలించాలని చెప్పింది. అయితే ఒంటరిగా తిరుగుతూ మనుషుల్ని చంపే మగ ఏనుగు సంగతి వేరు. 2023 ఆగస్టు చివర్లో గుడిపాల మండలంలో దంపతులను చంపిన ఏనుగును శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల సాయంతో, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పట్టి తిరుపతి జూకు తీసుకొచ్చారు. అది తప్పనిసరి పరిస్థితి.

కుంకీ అంటే శిక్షణ పొందిన ఏనుగు. అడవి ఏనుగును అదుపు చేయడానికి, దారి మళ్లించడానికి వాడతారు. మన దగ్గర రామకుప్పం వైపు ననియాల క్యాంపు ఉంది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి కుంకీలను ఇచ్చాక పలమనేరు దగ్గర ముసలమడుగులో కొత్త క్యాంపు వచ్చింది. ఏనుగును దగ్గర్నుంచి చూడాలని పిల్లలు గొడవ చేస్తే, జూలో చూసినదానికన్నా మావటి కుంకీకి స్నానం చేయించడం చూస్తే ఎక్కువ తెలుసుకుంటారని నా అభిప్రాయం. అనుమతి అడిగి వెళ్లండి.

జూలో మనకు చూపించని సింహాలు చాలా ఉంటాయంటారు. నిజమేనా?

ఒకప్పుడు నిజమే, దాని వెనక కథ పెద్దది. చిన్నప్పుడు చిత్తూరులో సర్కస్ గుడారం పడితే సింహం నిప్పు చక్రంలోంచి దూకడం చూసి చప్పట్లు కొట్టిన తరం నాది. 1998 అక్టోబర్‌లో కేంద్రం సింహం, పులి, చిరుత, ఎలుగు, కోతి, ఈ ఐదింటినీ ఆటలకు వాడకూడదని చెప్పింది. సర్కస్‌వాళ్లు కోర్టుకెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది. మరి వందల కొద్దీ సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలితే బతకవు. అందుకని దేశంలో కొన్ని చోట్ల పునరావాస కేంద్రాలు కట్టారు. మన రాష్ట్రంలో విశాఖలో ఒకటి, తిరుపతిలో ఒకటి.

ఆ సింహాలు చాలావరకు సంకరజాతివి. ఆఫ్రికా సింహాలకూ మన ఆసియా సింహాలకూ పుట్టినవి. ఆసియా సింహం వంశం స్వచ్ఛంగా ఉండాలంటే వీటిని వాటితో కలపకూడదు. అందుకే వీటికి సంతానం కలగకుండా ఆపరేషన్లు చేశారు, ఆడా మగా విడిగా ఉంచారు. బతికినన్నాళ్లు తిండి, వైద్యం, నీడ. వారసులు ఉండరు. ఒక్కొక్కటే ముసలిదై పోతుంటే గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. జూలో ఖాళీ అయిన గదిని చూసి సంతోషించాల్సింది ఏదైనా ఉంటే ఇదే. బోనులో పుట్టి, బస్తీ బస్తీ తిరిగి, నిప్పు చక్రంలో దూకే సింహం ఇక పుట్టదు.

తెల్లపులి అరుదైన జాతి కదా, ఎందుకు ఎక్కువ పెంచరు?

తెల్లపులి వేరే జాతి కాదు. మామూలు బెంగాల్ పులే, ఒక జన్యువు వల్ల రంగు మారింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. 1951లో రేవా మహారాజు అడవిలో పట్టించిన మోహన్ అనే పిల్ల నుంచే జూలలోని తెల్లపులుల వంశం చాలావరకు సాగింది. తెలుపు కావాలని తండ్రీకూతుళ్లను కూడా జత కలిపారు. ఫలితం మెల్లకన్ను, బలహీనమైన పిల్లలు. జనం తెల్లపులి ముందే ఎక్కువసేపు నిలబడతారు, సెల్ఫీలు అక్కడే. కానీ దానివల్ల అడవిలోని పులికి వచ్చే లాభమేమీ లేదు. నామట్టుకు నాకు మామూలు చారల పులే అందం.

పులికి పిల్లలు పుట్టాయట. ఎప్పుడు చూడొచ్చు?

కొన్ని నెలలు ఆగాలి. పులి చూలు దాదాపు 105 రోజులు. పుట్టిన పిల్లలకు కళ్లు కూడా తెరుచుకోవు. కొత్త మనిషి వాసన తగిలినా, గోల వినిపించినా తల్లి బెదిరి పిల్లల్ని వదిలేసే ప్రమాదం ఉంది, చంపేసినా ఆశ్చర్యం లేదు. అందుకని సీసీ కెమెరాలో చూస్తారు, ఒకే కీపర్ వెళ్తాడు. బాలింత గదిలోకి ఊరంతా వెళ్లరు కదా, ఇదీ అంతే.

2024లో మనిషిని చంపిన సింహాన్ని ఏం చేశారు?

2024 ఫిబ్రవరి 15న ఒక సందర్శకుడు సింహం ఆవరణలోకి దూకాడు, ప్రాణం పోయింది. ఆ తర్వాత సింహాన్ని గదిలో పెట్టి గమనించారు. "దానికి మనిషి రుచి తగిలింది, కాల్చేయాలి" అని అప్పుడు చాలామంది అన్నారు. సింహం తన ఇంట్లోకి వచ్చినదాన్ని పట్టుకుంది. అది చేసిన నేరం ఏమీ లేదు. కందకం, దాని ముందు కంచె, కంచె ముందు మనం ఆనుకునే కమ్మీ, ఇవి మూడూ వేర్వేరు. కమ్మీకీ కంచెకీ మధ్య జాగా ఉన్నది ఫోటో కోసం పిల్లాడిని నిలబెట్టడానికి కాదు.

జంతువు చనిపోతే చర్మం, గోళ్లు ఎక్కడికి పోతాయి?

ముందు పోస్ట్‌మార్టం, లోపలి భాగాల్ని ల్యాబ్‌కు పంపడం. తర్వాత పులి, చిరుత లాంటివైతే అధికారుల సమక్షంలో చర్మం, గోళ్లతో సహా కాల్చేస్తారు. బూడిద తప్ప ఏదీ గేటు దాటదు. పులిగోరు తాయత్తు కావాలని ఎవరైనా మిమ్మల్ని అడిగితే, కేసు ఎంత గట్టిదో చెప్పి పంపేయండి.

మా ఇంట్లో రామచిలుక ఉంది, పొలంలో చుక్కల తాబేలు దొరికింది. జూకి ఇచ్చేయొచ్చా?

రెండూ చట్టం రక్షణలో ఉన్నవే, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. చిలక జోస్యం చూసి పెరిగిన మనకు ఇది చిత్రంగా అనిపిస్తుంది, కానీ నిజం. మన మెట్ట పొలాల్లో దొరికే నక్షత్ర తాబేలునైతే విదేశాలకు దొంగతనంగా పంపించేవాళ్లున్నారు. 2019లో దానికి అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించారు. పొలంలో కనిపిస్తే అక్కడే వదిలేయండి, అది దాని ఇల్లు. ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం సంచిలో వేసుకుని జూ గేటు దగ్గరకు వెళ్లకండి. దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసుకు చెప్పండి, వాళ్లు కాగితం రాసుకుని తీసుకుంటారు. జూ కూడా దారిన పోయేవాళ్లు ఇచ్చిన జంతువును నేరుగా తీసుకోకూడదు.

జిరాఫీ, చింపాంజీలను ఎందుకు తేలిగ్గా తేలేరు?

విదేశీ జంతువంటే సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) అనుమతి, దిగుమతి లైసెన్సు, అక్కడా ఇక్కడా క్వారంటైన్, ఆపైన సీజెడ్‌ఏ. వాటన్నిటికీ మించి జత దొరకాలి. ఒక్క జిరాఫీని తెచ్చి ఒంటరిగా నిలబెట్టడం దానికి శిక్ష.

ఎండాకాలంలో ఏం మారుతుంది?

చాలా మారుతుంది. తిరుపతి ఎండ నలభై దాటితే మనకే నాలుక పిడచగడుతుంది. ఆవరణల మీద తడికెలు, గడ్డి చాపలు పరుస్తారు, తుంపర్లు కొట్టే పైపులు పెడతారు, కొన్ని గదుల్లో కూలర్లు ఉంటాయి. ఎలుగుబంటికి పుచ్చకాయ వేసినప్పుడు చూడాలి. ముందు పంజాతో దొర్లిస్తుంది, వాసన చూస్తుంది, తర్వాత మీద కూర్చున్నంత పని చేసి పగలగొడుతుంది. ఎర్రటి గుజ్జు మూతికంతా అంటుకుని, గింజలు నల్లటి వెంట్రుకల్లో ఇరుక్కుంటే నాలుకతో ఒక్కొక్కటే ఏరుకుంటుంది. గింజలు తీసేసి తినే ఓపిక మా పిల్లలకు కూడా లేదు.

వర్షాలు పడ్డాక ఆవరణల్లో గడ్డి నడుం లోతు పెరిగి, జంతువు అందులోనే ఉన్నా కనిపించదు. ఖాళీ అనుకుని వెళ్లిపోకుండా చెవుల కదలిక కోసం చూడండి.

మరి ఎప్పుడు వెళ్తే అన్నీ కనిపిస్తాయి?

అన్నీ ఎప్పుడూ కనిపించవు. పొద్దున గేటు తీయగానే వెళ్తే పులి, సింహం గదుల్లోంచి బయటికొచ్చి తిరుగుతుంటాయి, మూలమూలా వాసన చూసుకుంటాయి. పదకొండు దాటితే నీడలో తోక ఒక్కటే కదులుతుంది. సాయంత్రం కాస్త మేలు, కానీ గదుల్లోకి తోలేలోపు వెళ్లాలి. ప్రతి జూకీ వారానికి ఒక రోజు సెలవు ఉండాలని రూలు, అది చూసుకుని బయల్దేరండి. ఆ సెలవు జంతువులకే.

కేకలు వేయకండి, చిప్స్ ప్యాకెట్లు విసరకండి. జంతువును ఆటపట్టించినా, తిండి పెట్టినా, గోల చేసినా అదే 1972 చట్టం కింద ఆరు నెలల వరకు జైలు ఉంది. "ఏయ్ లెయ్ లెయ్" అని అరిస్తే పులి లేవదు. పోయిన సంక్రాంతికి అలా అరిచిన ఒకాయన పక్కనే పావుగంట ఊరికే నిలబడ్డాను. ఆయన విసుగొచ్చి వెళ్లిపోయాక పులి మెల్లగా లేచి, ఒళ్లు విరుచుకుని, నీళ్ల తొట్టి దాకా నడిచొచ్చి, వెనక కాళ్లు ముందు నీళ్లలో పెట్టి కూర్చుంది.